అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ.: కేటలాగ్ చదవడం నుంచి పట్టా చేతికొచ్చేదాకా

మా అమ్మాయి అమెరికాలో ఒక చిన్న కాలేజీలో చేరుతోందని తెలిసిన రోజు మా ఆడపడుచు ఫోన్ చేసి మొట్టమొదట అడిగిన మాట, "వదినా, పిల్లని అంత దూరం పంపి బి.ఏ. చదివిస్తారా?" అని. పిల్ల మీద ప్రేమతో, నిజంగా బెంగపడి అడిగింది. నా దగ్గర ఆ రోజు సమాధానం లేదు, ఎందుకంటే నాకూ అదే బెంగ. అమ్మాయి చదవాలనుకున్నది ఫిజిక్స్, కాలేజీ కాగితాల్లో ఉన్నది బి.ఏ. ఆ తర్వాత నాలుగేళ్లు తనతో పాటు నేనూ ఆ కేటలాగులు (కోర్సులూ నియమాలూ రాసి ఉండే కాలేజీ పుస్తకాలు), నిబంధనలు, మేజర్ల (ప్రధానంగా చదివే సబ్జెక్టుల) పేజీలు ఒక్కొక్కటీ చదివాను. బంధువుల పిల్లలు, స్నేహితుల పిల్లలు అడిగితే చెబుతూ వచ్చాను. అదంతా ఇప్పుడు ఒకచోట రాస్తున్నా. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లాలనుకునే పిల్లలకీ, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి పిల్లల కాలేజీ గురించి ఆలోచిస్తున్న మనవాళ్లకీ పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఈ కాలేజీల్లో డిగ్రీ అనేది ఎవరో కట్టిపెట్టిన ఇల్లు కాదు. స్థలం, సామాను ఇస్తారు, కొన్ని నియమాలు చెబుతారు, ఇల్లు మీరే కట్టుకోవాలి. ప్లాన్ గీసుకోకుండా మొదలుపెడితే మూడో ఏడాదిలో గోడ పగలగొట్టాల్సి వస్తుంది. అందుకే నియమాలు మీరు సొంతంగా చదవాలి. సీనియర్ చెప్పాడని, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారని వదిలేయొద్దు.

ముందు బి.ఏ. అన్న మాట సంగతి తేల్చుకుందాం

మనకి బి.ఏ. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. బి.ఎస్సీ. అంటే సైన్సు. పదో తరగతి అవ్వగానే ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అని పదిహేనేళ్ల పిల్లని అడిగి, ఒక గది తలుపు తెరిచి మిగతావన్నీ మూసేస్తాం. ఆ అలవాటుతో చూస్తే అక్కడి బి.ఏ. అర్థం కాదు.

అక్కడ ఆర్ట్స్ అనే మాట పాత యూరప్ చదువుల నుంచి వచ్చింది. లిబరల్ ఆర్ట్స్ అంటే అప్పట్లో ఏడు: వ్యాకరణం, తర్కం, వాక్చాతుర్యం ఒక మూడు, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం ఇంకో నాలుగు. చూశారా, ఏడింట్లో లెక్కలూ నక్షత్రాలూ ఉన్నాయి. మన పాఠశాలల్లో కూడా వ్యాకరణం, తర్కం, అలంకార శాస్త్రం కలిపి చదివేవారు కదా, ఆలోచన కొంచెం అలాంటిదే. అందుకే ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్, కార్ల్‌టన్, గ్రినెల్ లాంటి కాలేజీల్లో కెమిస్ట్రీ చదివినా, కంప్యూటర్ సైన్స్ చదివినా, సంస్కృతం చదివినా చివరికి ఇచ్చేది బి.ఏ. పట్టానే.

ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చచెప్పాలంటే ఒక ఉదాహరణ చెప్పండి. ఫిలడెల్ఫియా పక్కన స్వార్థ్‌మోర్ అనే చిన్న కాలేజీ ఉంది, 1864లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు పెట్టింది, ఇప్పటికీ 1,600 పైచిలుకు విద్యార్థులే. అక్కడ 1968లో ఫిజిక్స్‌లో బి.ఏ. తీసుకున్న జాన్ మాథర్‌కి 2006లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. 1960లో కెమిస్ట్రీలో బి.ఏ. తీసుకున్న డేవిడ్ బాల్టిమోర్‌కి 1975లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి పంచుకున్న హోవర్డ్ టెమిన్ కూడా అదే కాలేజీ విద్యార్థి. మన పిల్లలందరికీ నోబెల్ వస్తుందని కాదు నేను చెప్పేది, బి.ఏ. అన్న రెండక్షరాల వల్ల సైన్సు దారి మూసుకుపోదని చెబుతున్నా. పీహెచ్‌డీకి తీసుకునేవాళ్లు చూసేది ట్రాన్స్‌క్రిప్ట్‌లో (చదివిన కోర్సులు, గ్రేడ్ల జాబితాలో) ఏ కోర్సులు ఉన్నాయి, పరిశోధన ఏం చేశారు, ప్రొఫెసర్లు ఏం రాశారు అన్నది.

మొదటి పని: కేటలాగ్ తెరిచి లెక్క వేయండి

ప్రతి కాలేజీ ఏటా కేటలాగ్ వేస్తుంది, వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఫొటోలు, విద్యార్థుల నవ్వుముఖాలు ఉండే పేజీలు పక్కన పెట్టి, డిగ్రీకి కావలసినవి ఏమిటో రాసిన అధ్యాయం ఒకటి ఉంటుంది, అది ప్రింట్ తీయండి. పదిపన్నెండు పేజీలకి మించదు. పెన్ను పట్టుకుని చదవండి.

ఆ అధ్యాయంలో దాదాపు ఏ కాలేజీ అయినా మూడు కుప్పల గురించే చెబుతుంది. అందరూ చదవాల్సినవి ఒక కుప్ప, మేజర్‌కి చదవాల్సినవి ఇంకో కుప్ప, మీ ఇష్టానికి వదిలేసినవి మూడో కుప్ప. ఈ మూడింటి కొలతలు తెలిస్తే ఆ కాలేజీ స్వభావం తెలిసినట్టే.

స్వార్థ్‌మోర్‌నే తీసుకుని లెక్క చేసి చూపిస్తాను. మొత్తం 32 క్రెడిట్లు కావాలి, మామూలుగా ఒక కోర్సుకి ఒక క్రెడిట్. అంటే సెమిస్టర్‌కి నాలుగు చొప్పున ఎనిమిది సెమిస్టర్లు. అందులో 20 క్రెడిట్లు మేజర్ డిపార్ట్‌మెంట్ బయట ఉండాలి. అంటే ఎంత ఇష్టం ఉన్నా ఫిజిక్స్‌లో 12కి మించి లెక్కకి రావు. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, సైన్సు-ఇంజినీరింగ్ అని మూడు విభాగాలు, ఒక్కో దాంట్లో కనీసం మూడేసి కోర్సులు, ఆ మూడూ ఒకే డిపార్ట్‌మెంట్‌వి కాకూడదు. సైన్సులో ఒకటైనా ల్యాబ్ ఉన్న కోర్సు. రచన మీద దృష్టి పెట్టే కోర్సులు మూడు. ఇవి విడిగా చేయక్కర్లేదు, పై కోర్సుల్లోనే కలిసిపోతాయి. ఆ పైన ఒక పరభాష, వ్యాయామం.

ఇప్పుడు ఫిజిక్స్ పిల్లకి లెక్క వేద్దాం. మేజర్‌కి 12 అనుకోండి. మిగిలిన 20లో హ్యుమానిటీస్ మూడు, సోషల్ సైన్సెస్ మూడు, అంటే ఆరు. భాషకి రెండు సెమిస్టర్లు అనుకుంటే ఎనిమిది. ఫిజిక్స్‌కి ఊతంగా మ్యాథ్స్ నాలుగు అనుకుంటే పన్నెండు. సైన్సు విభాగం ఫిజిక్స్, మ్యాథ్స్‌లతోనే తీరిపోయింది. ఇంకా ఎనిమిది కోర్సులు మిగిలాయి. ఎనిమిది కోర్సులంటే పూర్తిగా ఒక ఏడాది చదువు! ఆ ఏడాదిలో చైనా చరిత్ర చదవొచ్చు, బొమ్మలు గీయొచ్చు, కంప్యూటర్ సైన్స్ మైనర్ (మేజర్ కంటే తక్కువ కోర్సులతో చదివే రెండో సబ్జెక్టు) చేయొచ్చు. నేను మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా, నా డిగ్రీలో నాకు ఒక్క కోర్సు కూడా ఎంచుకునే వీలు లేదు.

మీరు అప్లై చేసే ప్రతి కాలేజీకీ ఈ లెక్క వేయండి. ఒక్కో కాలేజీకి అరగంట పడుతుంది.

రెండో పని: ఏ పద్ధతి మీ పిల్లకి నప్పుతుందో చూసుకోండి

ర్యాంకుల పట్టిక చూసి పైనుంచి కిందకి అప్లై చేయడం మనవాళ్లలో చాలా ఎక్కువ. చిన్న కాలేజీల విషయంలో అది తప్పు, ఎందుకంటే పక్కపక్క ర్యాంకుల్లో ఉన్న రెండు కాలేజీల్లో చదువు నడిచే తీరు పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

ఆమ్‌హెర్స్ట్‌లో మొదటి ఏడాది ఒక సెమినార్ (కొద్దిమంది కూర్చుని చర్చించే క్లాసు), ఆ తర్వాత మేజర్ పూర్తి చేయడం, అంతే. ఫలానా విభాగంలో ఇన్ని చదవాలనే నిబంధన లేదు. అయోవాలోని గ్రినెల్ కూడా అలాంటిదే, మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అనే చిన్న క్లాసు ఒక్కటే తప్పనిసరి. వినడానికి హాయిగా ఉంటుంది కానీ, ఏం కావాలో కొంచెమైనా తెలిసిన పిల్లలకి, లేదా అడ్వైజర్ (కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే ప్రొఫెసర్) దగ్గరికి మొహమాటం లేకుండా వెళ్లి అడగగలిగే పిల్లలకే అది మేలు చేస్తుంది. పన్నెండేళ్లు టైమ్‌టేబుల్ పట్టుకుని నడిచిన పిల్లని ఒక్కసారిగా మైదానంలో వదిలితే తెలిసిన దిక్కుకే పరిగెడుతుంది, మ్యాథ్స్, కంప్యూటర్స్, మళ్లీ మ్యాథ్స్. అలాంటి పిల్లకి విభాగానికి మూడేసి అనే నిబంధన ఉన్న కాలేజీయే మంచిదని నా గట్టి అభిప్రాయం.

విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఒక రకం కోర్సు ఉంది. ఒక ప్రొఫెసర్, ఇద్దరు విద్యార్థులు. ఒక వారం ఒకరు వ్యాసం రాసి చదివితే రెండోవాళ్లు దాన్ని పట్టి పట్టి ప్రశ్నిస్తారు, వచ్చే వారం తారుమారు. వెనక బెంచీ అనేదే లేదు! జనవరి నెల మొత్తం ఒకే ఒక్క కోర్సు చదివే వింటర్ స్టడీ కూడా అక్కడ ఉంది. మిన్నెసోటాలోని కార్ల్‌టన్‌లో సెమిస్టర్లు ఉండవు, పదేసి వారాల టర్మ్‌లు మూడు, టర్మ్‌కి మూడు కోర్సులు. పరుగు పరుగున సాగుతుంది, మూడో వారంలో జ్వరం వస్తే కోలుకోవడం కష్టం. కొలరాడో కాలేజీలో 1970 నుంచి బ్లాక్ పద్ధతి, మూడున్నర వారాలు ఒకే కోర్సు, అది అయ్యాక ఇంకోటి. ఒకేసారి నాలుగు సబ్జెక్టులంటే కంగారుపడే పిల్లలకి అది వరం లాంటిది.

ఇంకో చివర సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది, అన్నాపొలిస్‌లో ఒకటి, శాంటా ఫేలో ఒకటి. 1937 నుంచి అక్కడ మేజర్లే లేవు. అందరూ అవే పుస్తకాలు చదువుతారు, ప్రాచీన గ్రీకు, తర్వాత ఫ్రెంచి, నాలుగేళ్లు లెక్కలు, అదీ యూక్లిడ్‌తో మొదలుపెట్టి. సోమ, గురువారాల్లో రాత్రిపూట అందరూ బల్ల చుట్టూ కూర్చుని పుస్తకం మీద చర్చిస్తారు. సంప్రదాయ లిబరల్ ఆర్ట్స్ అంటే ఇంతకంటే సంప్రదాయం దొరకదు. చదువంటే ప్రాణం పెట్టే పిల్లలు నాకు తెలుసు, వాళ్లకి ఇది చెబితే కళ్లు మెరుస్తాయి. కానీ మీ పిల్ల ఇంజినీరింగ్ ఉద్యోగం వైపు చూస్తుంటే ఇది ఆ దారి కాదు.

దేశంలోనే ఉండి ఇలాంటి చదువు కావాలంటే మన శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది, సోనీపత్‌లో అశోకా ఉంది. అక్కడా ముందు ఉమ్మడి కోర్సులు, తర్వాత మేజర్. ఖర్చు, దూరం, ఇంటిమీద బెంగ అన్నీ ఆలోచించుకుని ఆ రెండింటి కేటలాగులు కూడా ఇదే పద్ధతిలో చదవండి.

డబ్బు గురించి రెండే ముక్కలు. పైన చెప్పిన పెద్ద పేరున్న కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది, కాబట్టి ఆర్థిక సాయం లేకుండా ఎక్కువమందికి సాధ్యం కాదు. స్వార్థ్‌మోర్ లాంటివి చేర్చుకున్న విద్యార్థి అవసరాన్ని పూర్తిగా తీరుస్తాయి, కానీ విదేశీ విద్యార్థుల విషయంలో సాయం అడిగారా లేదా అన్నది అడ్మిషన్ అప్పుడే చూస్తాయి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లే పిల్లలు ఒక్కో కాలేజీ పేజీలో ఈ ఒక్క విషయం విడిగా వెతుక్కోవాలి.

మూడో పని: మొదటి సెమిస్టర్‌లో నాలుగు కోర్సులు

ఈ గైడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే.

మా అమ్మాయి రెండేళ్ల ఐఐటీ కోచింగ్‌తో లెక్కలంటే విసిగిపోయి ఉంది. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ ముట్టుకోనంది. ఫిలాసఫీ, సైకాలజీ, ఒక రచనా సెమినార్, సంగీతం తీసుకుంది. ఎంతో సంతోషంగా ఉంది, నాకూ సంతోషమే. రెండో సెమిస్టర్‌కి ఫిజిక్స్ మీద మనసు మళ్లింది, అప్పుడు చూస్తే మేజర్‌కి కావలసిన మొదటి కోర్సు శరదృతువులోనే, అంటే ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే, మొదలవుతుంది, దానికి తోడు మ్యాథ్స్ వరుస కూడా వెనకబడింది. ఒక ఏడాది జరిగిపోయింది. తర్వాత రెండు ల్యాబ్‌లు ఒకే సెమిస్టర్‌లో చేసి అందుకుంది గానీ, మూడో ఏడాది విదేశంలో చదవాలనుకున్న సెమిస్టర్ వదులుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ తనకి బాధే. తప్పు కాలేజీది కాదు, ఆ సంగతి కేటలాగ్‌లో రాసే ఉంది, మేమే చదవలేదు.

కాబట్టి నియమం ఇది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, కొత్త భాష: వీటిలో కోర్సులు మెట్లలాగా ఉంటాయి, ఒకటి అయితేనే రెండోది. చిన్న కాలేజీల్లో ఒక్కో మెట్టు ఏడాదికి ఒక్కసారే పెడతారు, టీచర్లు తక్కువ కాబట్టి. హిస్టరీ, సాహిత్యం, సోషియాలజీ లాంటి వాటిలో మెట్లు తక్కువ, రెండో ఏడాది మొదలుపెట్టినా ఏమీ కాదు. అందుకని సైన్సు మీద పది శాతం ఆశ ఉన్నా మొదటి శరదృతువులోనే ఒక మెట్ల కోర్సు పెట్టుకోండి. ఇష్టం పోతే వదిలేయొచ్చు, విభాగాల లెక్కలో అది ఎలాగూ పనికొస్తుంది.

నాలుగు కోర్సుల్లో నేను అందరికీ చెప్పే కూర్పు ఇలా ఉంటుంది: మెట్ల కోర్సు ఒకటి, చిన్న సెమినార్ ఒకటి, ఇంటర్‌లో అసలు లేని సబ్జెక్టు ఒకటి (ఆంత్రోపాలజీ, లింగ్విస్టిక్స్, కళల చరిత్ర, ఏదైనా), నాలుగోది పిల్ల ఇష్టం. రెండు ల్యాబ్‌లు మొదటి సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు. మూడు సెమినార్లు కూడా వద్దు, ఒక్కో సెమినార్‌కి వారానికి వందా రెండొందల పేజీలు చదవాల్సి రావడం మామూలే, మన పిల్లలకి ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా అంత చదివి దాని మీద క్లాసులో మాట్లాడటం అలవాటు ఉండదు. మొదట్లో నోరు పెగలదు. మా అమ్మాయి చేసిన పని చెబుతాను: ప్రతి క్లాసుకీ ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లేది, మొదటి ఇరవై నిమిషాల్లోనే అది అడిగేసేది. ఆ తర్వాత టెన్షన్ తగ్గి మిగతావాళ్లు చెప్పేది వినగలిగేది.

చేరకముందు వేసవిలో ప్లేస్‌మెంట్ పరీక్షలు పెడతారు, మ్యాథ్స్‌లో, భాషల్లో. సీరియస్‌గా రాయండి. ఇంటర్ మార్కులకి క్రెడిట్లు వస్తాయని లెక్క వేసుకోవద్దు, కానీ ప్లేస్‌మెంట్ బాగా రాస్తే తెలిసిన క్యాలిక్యులస్ మళ్లీ చదవక్కర్లేదు. స్వార్థ్‌మోర్‌లో మొదటి సెమిస్టర్‌కి గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడవు, పాస్ అయితే క్రెడిట్ అని మాత్రమే ఉంటుంది. మీ కాలేజీలో అలాంటి వెసులుబాటు ఉంటే భయపడే సబ్జెక్టుని ఆ సెమిస్టర్‌లోనే తీసుకోండి.

భాష సంగతి త్వరగా చెప్పేస్తా. చాలా కాలేజీలకి పరభాష నిబంధన ఉంది, కానీ ఇంగ్లిష్‌ని పరభాషగా నేర్చుకుని సొంత భాష బాగా వచ్చినవాళ్లకి అది తీరిపోయినట్టే అనే క్లాజు స్వార్థ్‌మోర్ లాంటి చోట్ల ఉంది. తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లలు చేరగానే రిజిస్ట్రార్‌ని అడగాలి. స్కూల్లో రెండో భాషగా సంస్కృతం మార్కుల కోసం పెట్టుకుని తెలుగు రాయడం మరిచిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు, ఆ మాట రాస్తుంటేనే నాకు బాధగా ఉంది. ఇక వ్యాయామం: కొన్నిచోట్ల ఈత పరీక్ష కూడా ఉంటుంది. ఈత రాకపోతే వాళ్లే నేర్పుతారు, సిగ్గుపడి చివరి ఏడాది దాకా వాయిదా వేయొద్దు.

నాలుగో పని: అడ్వైజర్‌ని వాడుకోండి

చేరగానే ఒక ప్రొఫెసర్‌ని అడ్వైజర్‌గా ఇస్తారు. రిజిస్ట్రేషన్‌కి ఆయన సంతకమో, ఆన్‌లైన్‌లో అనుమతో కావాలి, అందుకని మన పిల్లలు సంతకం కోసం ఐదు నిమిషాలు వెళ్లి వచ్చేస్తారు. లెక్చరర్ దగ్గరికి పని లేకుండా వెళ్లడం మనకి అలవాటు లేదు, వెళ్తే ఏదో తప్పు చేసినట్టు. అక్కడ ఆఫీస్ అవర్స్ అని వారంలో కొన్ని గంటలు తలుపు తెరిచి కూర్చుంటారు, వెళ్లకపోతేనే ఆశ్చర్యపోతారు. ఎనిమిది సెమిస్టర్ల గడులు గీసిన కాగితం తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, "ఇందులో ఎక్కడ ఇరుక్కుంటాను?" అని అడగమనండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు ఎంత విలువైనదో చెప్పలేను. ఏ ప్రొఫెసర్ వచ్చే ఏడాది సెలవులో ఉంటారు, ఏ కోర్సు రెండేళ్లకోసారి పెడతారు లాంటివి ఆయనకి తెలుసు, కేటలాగ్‌లో ఒక్కోసారి ఉండవు.

ఐదో పని: రెండో ఏడాది వసంతంలో మేజర్

మామూలుగా రెండో ఏడాది చివరికి మేజర్ ప్రకటించాలి. స్వార్థ్‌మోర్‌లో ఇందుకోసం ఒక పత్రం రాయాలి: ఇప్పటిదాకా ఏం చదివాను, మిగతా రెండేళ్లు ఏం చదువుతాను, ఎందుకు అని. డిపార్ట్‌మెంట్ అది చదివి తీసుకుంటుంది, లేదా ఫలానా కోర్సు చేసి రమ్మంటుంది. మిగతాచోట్ల ఒక ఫారం నింపితే సరిపోవచ్చు, అయినా ఈ పత్రం రాయండి. రెండు పేజీలు, ఇంట్లో కూర్చుని, ఎవరికీ చూపించకపోయినా సరే. రాయడం మొదలుపెడితే నిజంగా దేని మీద ఇష్టమో, దేన్ని అమ్మానాన్నల కోసం మోస్తున్నారో తెలిసిపోతుంది.

మేజర్ ఎంచుకునేటప్పుడు నేను చూడమనేవి: ఆ డిపార్ట్‌మెంట్‌లో పై స్థాయి కోర్సులు గత మూడేళ్లలో నిజంగా ఎన్ని పెట్టారు (కేటలాగ్‌లో పేరుండటం వేరు, షెడ్యూల్‌లో ఉండటం వేరు, పాత షెడ్యూళ్లు రిజిస్ట్రార్ పేజీలో దొరుకుతాయి), ఎంతమంది ప్రొఫెసర్లు ఉన్నారు, చివర్లో ఏం చేయిస్తారు. నలుగురే ప్రొఫెసర్లున్న డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు సెలవుపెడితే ఆ ఏడాది ఎంపిక చాలా తగ్గిపోతుంది. పక్క కాలేజీల్లో కోర్సులు తీసుకునే ఏర్పాటు ఉందో లేదో అందుకే చూడాలి. స్వార్థ్‌మోర్ వాళ్లు బ్రిన్ మార్, హావర్‌ఫర్డ్‌లలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కూడా కోర్సులు తీసుకోవచ్చు, ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు కూడా నేర్పుతారు. ఆమ్‌హెర్స్ట్ వాళ్లకి స్మిత్, మౌంట్ హోల్యోక్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బస్సు దూరంలో ఉన్నాయి.

రెండు మేజర్లు చేయాలనే ఆత్రం మన ఇళ్లలో ఎక్కువ. ఒకటికి రెండు ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పైన మిగిలాయన్న ఆ ఎనిమిది కోర్సులనీ రెండో మేజర్ తినేస్తుంది. ఒక మేజర్, ఒక మైనర్, మిగతాది గాలి ఆడేలా వదిలేయడం మేలు. రెండు సబ్జెక్టుల మధ్యలో నిజంగా ఒక ప్రశ్న పట్టుకుని ఉంటే స్పెషల్ మేజర్ అని సొంతంగా కట్టుకునే వీలు కూడా చాలా చోట్ల ఉంది, దానికి ఇద్దరు ప్రొఫెసర్ల అండ ముందే సంపాదించాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడే ఇంకో విషయం చూసుకోవాలి. ప్రతి మేజర్‌కీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఒక సీఐపీ కోడ్ (సబ్జెక్టు ఏదో చెప్పే అంకె) ఉంటుంది. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పని చేయొచ్చు, ఆ కోడ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్‌కి ఇబ్బంది లేదు. ఎకనామిక్స్ దగ్గరే చూసుకోవాలి: కొన్ని కాలేజీలు దాన్ని క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ కింద పెడతాయి, అది స్టెమ్. కొన్ని మామూలు ఎకనామిక్స్ కింద పెడతాయి, అది కాదు. బి.ఏ. అయినంత మాత్రాన స్టెమ్ కాకుండా పోదు, కోడే లెక్క. నియమాలు మారుతుంటాయి కాబట్టి మేజర్ ప్రకటించే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఈమెయిల్ మీద అడిగి జవాబు దాచుకోండి. కోర్సు డ్రాప్ చేసే ముందు కూడా వాళ్లనే అడగాలి, ఫుల్‌టైమ్ కంటే తగ్గితే వీసాకి ముప్పు.

ఇంజినీరింగ్ కావాలంటే స్వార్థ్‌మోర్‌లో బి.ఎస్. ఇంజినీరింగ్ ఉంది. లేని కాలేజీలు చాలావరకు 3-2 ఏర్పాటు చేసుకుంటాయి, మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు కొలంబియాలోనో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనో, చివరికి రెండు పట్టాలు. మొదటి కాలేజీ ఇచ్చిన ఆర్థిక సాయం రెండోచోట కూడా వస్తుందని అనుకోవద్దు. ప్రీ-మెడ్ అనేది మేజర్ కాదు, ఏ మేజర్ చేసినా పక్కన చదివే సైన్సు కోర్సుల వరుస. అక్కడి మెడికల్ కాలేజీల్లో చాలావరకు విదేశీ విద్యార్థుల్ని తీసుకోవు, పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేని పిల్లలకి ఈ సంగతి దాచకుండా మొదటి రోజే చెప్పాలి.

ఆరో పని: చివరి రెండేళ్లు, చివరి పరీక్ష

మనకి డిగ్రీ చివర అంటే ఆఖరి సెమిస్టర్ పేపర్లు. అక్కడ దాదాపు ప్రతి మేజర్‌కీ ఒక ముగింపు పని ఉంటుంది. ఓరెగాన్‌లోని రీడ్ కాలేజీలో ప్రతి విద్యార్థీ, ఏ మేజర్ అయినా, థీసిస్ రాసి తీరాలి. కార్ల్‌టన్‌లో ఈ ముగింపు పనిని కాంప్స్ అంటారు. స్వార్థ్‌మోర్‌లో 1922లో ఫ్రాంక్ ఐడెలాట్ అనే అధ్యక్షుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చినాయన, ఆనర్స్ పద్ధతి మొదలుపెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. మేజర్‌లో మూడు అంశాలు, మైనర్‌లో ఒకటి, లోతుగా చదవాలి. నాలుగో ఏడాది చివర్లో వేరే విశ్వవిద్యాలయాల నుంచి పరీక్షకులు వస్తారు. రాతపరీక్ష పెట్టి, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని మౌఖికంగా అడుగుతారు. పాఠం చెప్పినవాళ్లు పరీక్ష పెట్టరు కాబట్టి ప్రొఫెసర్, విద్యార్థి ఒకే పక్షాన ఉండి సిద్ధమవుతారు. మన చదువుల్లో గురుశిష్యులు అలా కలిసి ఒక పరీక్షకి వెళ్లడం నేను చూడలేదు, వినగానే ఎంతో నచ్చింది.

మూడో ఏడాది వసంతంలోనే గైడ్‌గా ఉండమని ప్రొఫెసర్‌ని అడగాలి. వేసవిలో అక్కడే పరిశోధనకి కాలేజీలు డబ్బిస్తాయి, మాస్టర్స్ విద్యార్థులు లేని చిన్న కాలేజీ కాబట్టి ల్యాబ్‌లో పనంతా బి.ఏ. పిల్లల చేతికే వస్తుంది, అప్లికేషన్ గడువు మాత్రం చలికాలంలోనే అయిపోతుంది.

మూడో ఏడాది ఆఖరి వారంలో, ఇంటికి టికెట్ బుక్ చేసే ముందు, రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి డిగ్రీ ఆడిట్ కాగితం తీసుకోమనండి. ఏ నిబంధన తీరింది, ఏది మిగిలింది అన్నది అందులో గడి గడిగా ఉంటుంది. మొదటి ఏడాది మీరు గీసుకున్న ఎనిమిది సెమిస్టర్ల కాగితం పక్కన పెట్టి రెండూ పోల్చండి. రచనా కోర్సు ఒకటి తగ్గిందనో, వ్యాయామం మిగిలిందనో కనిపిస్తే ఇంకా రెండు సెమిస్టర్ల టైముంది. మే నెలలో గౌను తొడుక్కునే వారం ముందు కనిపిస్తే ఉండదు. ఓపీటీకి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆ తేదీ కూడా అదే కాగితం మీద రాసుకోండి.

మా ఆడపడుచు కొడుకు ఈ ఏడాది అప్లై చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "వదినా, గ్రినెల్ కేటలాగ్ ప్రింట్ తీశాం, ఇప్పుడేం చేయాలి?" అంది. పెన్ను తెచ్చుకో, మూడు కుప్పలు వేద్దాం అన్నాను.